ఆరు గజాలా, తొమ్మిది గజాలా?

ఇంగ్లిష్ నుడికారంలో అంకె కనబడితే చాలు, దాని పక్కన ఒక కథ కూడా తయారుగా ఉంటుంది. 'ది హోల్ నైన్ యార్డ్స్' సంగతే తీసుకోండి. ఉన్నదంతా, ఏమీ మిగల్చకుండా అని దాని అర్థం. ఈ తొమ్మిది గజాలు ఎక్కడివని అమెరికాలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాల మెషిన్‌గన్లకు ఎక్కించే తూటాల పట్టీ 27 అడుగులు ఉండేదనీ, దాన్నంతా శత్రువు మీద ఖాళీ చేస్తే తొమ్మిది గజాలూ వాడేసినట్టేననీ కొందరంటారు. కాదు, అది కాంక్రీటు లారీలో పట్టే తొమ్మిది ఘనపు గజాలు అని ఇంకొందరు. స్కాట్లండ్ వాళ్ల కిల్టుకు పట్టే బట్ట అని మరికొందరు. గోచి పోసి కట్టే తొమ్మిది గజాల చీరను ఎరిగిన మనవాళ్లకు ఆ చీరే గుర్తొస్తుంది.

లెక్క సరిపోయింది కాబట్టి ప్రతి కథా నమ్మబుద్ధేస్తుంది. ఈ నుడికారాల చరిత్రలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంకె ఉంటే కొలత ఉండి తీరాలనుకుంటాం, కొలత దొరికితే పుట్టుక దొరికిందనుకుంటాం.

పాత పత్రికలను కంప్యూటర్లో వెతికే వీలు వచ్చాక ఆ కథలు ఒక్కొక్కటే కూలిపోయాయి. బోనీ టేలర్-బ్లేక్ అనే పరిశోధకురాలు, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెడ్ షపీరో వంటివాళ్లు ఓపికగా వెతికారు. కెంటకీ రాష్ట్రంలోని 'మౌంట్ వెర్నన్ సిగ్నల్' అనే చిన్న పత్రికలో 1912 నాటి వాడుక దొరికింది. అందులో ఉన్నవి తొమ్మిది గజాలు కావు, ఆరు! తర్వాత ఇండియానాలోని మిచెల్ అనే ఊరి పత్రికలో 1907, 1908 నాటి వాక్యాలు బయటపడ్డాయి. వాటిలో మళ్లీ తొమ్మిదే. అంటే ఆ రోజుల్లో ఆ ప్రాంతపు జనం నోళ్లలో ఆరు, తొమ్మిది రెండూ ఒకే అర్థంతో నలిగేవి. రెండో ప్రపంచ యుద్ధానికి అప్పటికింకా ముప్ఫై ఏళ్లు ఉంది.

తెలుగువాళ్లకు ఇదేమీ వింత కాదు. 'నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు' అంటే ఎవరూ రాళ్లు లెక్కపెట్టరు. 'నలుగురూ ఏమనుకుంటారో' అన్నప్పుడు ఆ నలుగురి పేర్లూ అడగరు. మన మాటల్లో ఇంత సులువుగా ఒప్పుకునే సంగతిని ఇంగ్లిష్ మాటల దగ్గర మర్చిపోతాం.

'క్లౌడ్ నైన్' కూడా ఇలాంటిదే. పట్టరాని సంతోషంలో ఉన్నవాడు తొమ్మిదో మబ్బు మీద ఉన్నాడంటారు. 1896లో వెలువడిన అంతర్జాతీయ మేఘాల అట్లాసులో మేఘాలను పది రకాలుగా విడదీశారు. వాటిలో తొమ్మిదోది క్యుములోనింబస్, ఉరుములు మెరుపులతో ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు లేచే మబ్బు. అందువల్లే ఈ మాట పుట్టిందని పదే పదే రాస్తుంటారు. చక్కని కథే. అయితే 1935 నాటి అమెరికన్ నేరగాళ్ల యాస నిఘంటువులో ఉన్నది ఎనిమిదో మబ్బు, దాని అర్థం తాగిన మత్తు. 1960లో అచ్చయిన మరో యాస నిఘంటువులో ఉన్నది ఏడో మబ్బు. తొమ్మిది స్థిరపడింది ఆ తర్వాతే. మాట నిజంగా అట్లాసులోంచి దిగివచ్చి ఉంటే ఏడు, ఎనిమిది మధ్యలో ఎందుకు దూరతాయి?

వీటన్నిటికంటే పాతది 'ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్', గందరగోళంలో ఉండటం అని అర్థం. దీనికి లండన్‌లో చెప్పే కథ వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ నగరంలో వృత్తి సంఘాలకు ఊరేగింపుల్లో వరస ముఖ్యం. దర్జీల సంఘం మర్చంట్ టేలర్స్, బొచ్చు తోళ్ల వర్తకుల సంఘం స్కిన్నర్స్, రెండింటికీ 1327లో కొద్ది రోజుల తేడాతో రాజపత్రాలు వచ్చాయి. ఆరో స్థానం ఎవరిది, ఏడో స్థానం ఎవరిదని తగువు. 1484లో మేయర్ రాబర్ట్ బిల్లెస్డన్ తీర్పు చెప్పాడు: ఒక ఏడాది వీళ్లు ఆరు, వాళ్లు ఏడు, మరుసటి ఏడాది అటూ ఇటూ. పైగా ఏటా ఒకరినొకరు భోజనానికి పిలుచుకోవాలి. ఆ తీర్పు నేటికీ అమల్లో ఉంది, ఈస్టర్‌కు స్థానాలు మారతాయి.

తగువు నిజం, తీర్పు నిజం. నుడికారం పుట్టుక మాత్రం అది కాదు. ఇంగ్లిష్ కవి చాసర్ తన 'ట్రాయిలస్ అండ్ క్రిసైడ్' కావ్యంలో దాదాపు ఈ మాటనే వాడాడు, అదీ తీర్పుకు సుమారు నూరేళ్ల ముందు. అక్కడ అర్థం గందరగోళం కాదు, సర్వస్వం పణంగా ఒడ్డడం. అందుకే భాషా చరిత్రకారులు పాచికల వైపు చూస్తారు. ఆ కాలపు ఇంగ్లండులో పాచిక ముఖాలకు ఫ్రెంచి పేర్లుండేవి. అయిదు, ఆరులను పిలిచే 'సింక్', 'సైస్' జనం నోట పడి సిక్స్, సెవెన్ అయి ఉంటాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే ఊహ. పాచిక మీద ఏడు అనే ముఖమే లేదు కదా! అయిదు ఆరయింది, ఆరు ఏడయింది. నాకు ఆ తీర్పు కథకంటే ఈ జారుడే అందంగా తోస్తుంది.

అంకె మారడానికి తేదీలతో సహా సాక్ష్యమున్న నుడికారం 'క్యాచ్-22'. జోసెఫ్ హెల్లర్ రెండో ప్రపంచ యుద్ధంలో కోర్సికా ద్వీపం నుంచి బి-25 విమానాల్లో బాంబులు వేసే పనిలో 60 సార్లు ఎగిరాడు. ఆ అనుభవంతో రాసిన నవలలో ఒక నిబంధన ఉంటుంది. మతి చెడినవాడు యుద్ధ విమానం ఎక్కనక్కర్లేదు. కానీ మినహాయింపు తానే అడగాలి. ప్రాణభయంతో అడిగాడంటే మతి సరిగ్గా ఉన్నట్టే, కాబట్టి ఎక్కాల్సిందే. 1955లో మొదటి అధ్యాయం ఒక సాహిత్య సంకలనంలో వచ్చినప్పుడు దాని పేరు 'క్యాచ్-18'. 1961లో పుస్తకం అచ్చుకు వెళ్లే సమయానికి లియోన్ యూరిస్ నవల 'మిలా 18' వస్తోందని తెలిసింది. ఒకే ఏడాది రెండు పద్దెనిమిదులా అని సంపాదకుడు రాబర్ట్ గాట్లీబ్ కంగారుపడ్డాడు. పదకొండు అందామంటే 'ఓషన్స్ ఎలెవెన్' సినిమా అప్పుడే వచ్చి వెళ్లింది. పదిహేడుకు 'స్టాలాగ్ 17' అడ్డం. చివరికి 22 కుదిరింది. ఆ ఆలోచన తనదేనని గాట్లీబ్ అన్నాడు. హెల్లర్ ఏజెంటు కాండిడా డొనాడియో తన పుట్టినరోజు అక్టోబరు 22 నుంచి వచ్చిందని చెప్పేది.

యూరిస్ తన పద్దెనిమిదిని మార్చగలిగేవాడు కాదు. అది వార్సాలో మిలా వీధిలోని ఇంటి నంబరు. 1943 తిరుగుబాటులో యూదు యోధుల స్థావరం ఆ ఇంటి నేలమాళిగలోనే ఉండేది. హెల్లర్ నిబంధన ఏ చట్టంలోనూ లేదు, అందుకే దాని అంకె ఎటైనా కదిలింది.

వెనక నిజమైన లెక్క ఉన్న మాటలు ఇలా కదలవు. 'బేకర్స్ డజన్' అంటే ఎప్పుడూ పదమూడే. 1266 నాటి ఇంగ్లండు రొట్టెల చట్టంలో రొట్టె ధర మారేది కాదు, గోధుమ ధరను బట్టి బరువు మారాలి. తూకం తగ్గితే జరిమానా, మరీ తప్పితే నడిబజారులో బొండలో బిగించడం. చేత్తో చేసి పొయ్యిలో కాల్చే రొట్టె బరువు అచ్చంగా తూగదు కనుక డజనుకు ఒకటి కలిపి ఇచ్చేవారంటారు. వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్లకు ఆ పదమూడో రొట్టే లాభం. మన సంతలో కూరగాయల మీద వేసే కొసరు లాంటిది. ఒక్క సంగతి గమనించాలి: ఆ మాట అచ్చులో కనిపించేది 16వ శతాబ్దం చివర, చట్టం వచ్చిన మూడు వందల ఏళ్లకు. చట్టాన్నీ మాటనూ సూటిగా ముడివేసేవాళ్లు ఈ ఎడాన్ని దాటవేస్తారు.

'ఎలెవెంత్ అవర్', అంటే ఆఖరి నిమిషం, మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉంది. పగటిని పన్నెండు గంటలుగా లెక్కపెట్టే రోజుల్లో పదకొండో గంట అంటే సాయంత్రం అయిదు, పొద్దు వాలేముందు పనిలోకి వచ్చిన కూలీల వేళ. 'ఫిఫ్త్ కాలమ్', అంటే లోపలే ఉండి శత్రువుకు సాయపడేవాళ్లు, 1936 నాటిది. స్పెయిన్ అంతర్యుద్ధంలో మాడ్రిడ్ మీదికి నాలుగు దళాలు కదులుతుంటే, అయిదోది నగరం లోపలే ఉందని ఫ్రాంకో పక్షపు జనరల్ ఎమిలియో మోలా అన్నట్టు పత్రికలు రాశాయి. నాలుగు లెక్క చూసుకున్నాకే అయిదు పుట్టింది. తెలుగు పత్రికలు దాన్ని పంచమాంగ దళం అన్నాయి. చతురంగ బలాలు ఎరిగిన భాషలో అయిదో అంగం చక్కగా ఇమిడింది.

ఇంగ్లిష్‌లో రాసిన చట్టం మన వీధుల్లోకి దించిన అంకె 420. మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదా తయారై, 1860లో ఆమోదం పొంది, 1862 జనవరి 1 నుంచి అమలైన ఇండియన్ పీనల్ కోడ్‌లో 420వ సెక్షన్ మోసగించి ఆస్తి కాజేయడానికి సంబంధించినది, శిక్ష ఏడేళ్ల దాకా. 1955లో రాజ్ కపూర్ 'శ్రీ 420' వచ్చేనాటికే అది తిట్టుగా స్థిరపడింది. తెలుగు ఊళ్లలో చదువు రానివాళ్లు కూడా 'వాడొట్టి ఫోర్ ట్వంటీ' అంటారు. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకు అదే అంకె వేరే అర్థంతో ఎదురవుతుంది. అక్కడ అది గంజాయికి గుర్తు. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ హైస్కూలు కుర్రాళ్లు కొందరు గంజాయి కోసం సాయంత్రం 4:20కి స్కూల్లోని లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకునేవారు. ఒకటి సెక్షను, ఒకటి గడియారం. రెండింటికీ చుట్టరికం లేదు.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో ఆ నేరం 318వ సెక్షన్ నాలుగో ఉపవిభాగానికి వెళ్లింది. పోలీసులు ఎఫ్‌ఐఆర్‌లో ఇప్పుడు ఆ కొత్త అంకెలే రాస్తారు, తిట్టేవాళ్లు మాత్రం 420నే పట్టుకున్నారు. ఆ తేదీకి ముందు జరిగిన మోసాల కేసులు మన కోర్టుల్లో ఇంకా పాత సెక్షన్ కిందే నడుస్తున్నాయి. అదే పీనల్ కోడ్‌ను వారసత్వంగా అందుకున్న పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో మోసానికి నేటికీ 420వ సెక్షనే.