కాలు లేచింది, కత్తి తప్పింది

నగరిలో ఆ తెల్లారి తుంపర పడుతోంది. ఇంట్లోనే మిషను కుట్టుకు బతికే ఆమె వీధి మెట్టు దిగుతూ జారింది. కుడి మోకాలు నేరుగా బండకు కొట్టుకుంది. చూస్తుండగానే బూరెలా ఉబ్బింది.

"పుత్తూరు ఈడే గదా ఉండాది. కట్టు కట్టిచ్చుకోని వచ్చేద్దాం పదమ్మే" అంది అత్త. పెద్దామె అలా అనడంలో వింతేముంది? ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు కోసం ఎక్కడెక్కడి జనమో వస్తారు. కొడుకు మాత్రం "ముందు ఎక్సరే తీపిద్దాం అవ్వా" అని తిరుపతికి ఆటో మాట్లాడాడు.

ఎక్సరేలో మోకాలిచిప్పకు అడ్డంగా సన్నటి గీత.

"ఆపరేషను చెయ్యాల్నా సార్?"

డాక్టరు అప్పుడే బదులివ్వలేదు. కీలులో చేరిన రక్తాన్ని సూదితో లాగి, నొప్పి నెమ్మదించనిచ్చాడు. "మోకాలు వంచకుండా కాలు పైకెత్తమ్మా" అన్నాడు.

ఆమె మంచం అంచు పట్టుకుంది. తొడ వణికింది. మడమ దుప్పటి మీంచి బెత్తెడు లేచింది.

"కత్తి పెట్టే పన్లేదు."

తొడ ముందు కండ కాలిని లాగేది ఈ చిప్ప మీదుగానే. చిప్ప విరిగి ముక్కలు దూరం జరిగితే ఆ లాగుడు కాలికి అందదు. అప్పుడు తీగలతో బిగించక తప్పదు. ఈమెకు ముక్కలు కదల్లేదు. తొడ నుంచి చీలమండ పైదాకా పిండికట్టు వేశారు. చేతికర్రలతో కాలు నేలకు మోపమన్నారు. విరిగిన కాలితో నడిపిస్తారా అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు.

ఆపరేషను తప్పిందంటే గండం గడిచినట్టే అనుకుంటాం. కట్టు విప్పాకే ఉంది కథంతా. ఆరు వారాల తర్వాత చూస్తే తొడ సగమైంది, మోకాలు వంగనంటోంది. కుర్చీలో కూర్చుంటే కాలు మిషను కిందికి మడతపడక ముందుకే చాపుకుని ఉంది. రోజూ మంచం మీద మడమను ఇంచీ ఇంచీ వెనక్కి జరపడం, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం. ఏడ్చింది, మానేస్తానంది. కొడుకు పక్కన కూర్చుని మళ్లీ చేయించాడు.

కొన్ని నెలలకు పెడలు ఆడింది. బాసింపట్టు వేయడం మాత్రం ఇంకా కుదరలేదు.

మోకాలి మీద పడి కాలు నిటారుగా ఎత్తలేకపోతే, ఏ కట్టుకైనా ముందు ఎక్సరే తీయించుకోండి. కట్టులో ఉండగా పిక్క వాచి సలిపినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.