మావయ్యగారి పొందూరు పంచె

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి, "ఇకమీదట భూమికి హాని చెయ్యని బట్టలే కొంటానమ్మా" అంది. నేనేమీ మాట్లాడకుండా బీరువా అడుగునుంచి మావయ్యగారి పొందూరు పంచె తీసి దాని చేతిలో పెట్టాను.

"ఇంత పల్చగానా! ఇది ఖద్దరేనా?" అంది.

ఖద్దరేనండీ. మా శ్రీకాకుళం జిల్లా పొందూరుది. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అనే నాటు రకాలతో దీని నూలు తీస్తారు. గింజ ఉండగానే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్లు సూదుల్లా దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి చెత్త పోయి పోగులు వరసకొస్తాయి. తర్వాత పీట మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిపట్టలో భద్రం చేసుకుని, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. వందో నంబరు నూలంటే ఒక పౌను బరువులో 84,000 గజాల దారం. సుమారు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో మొదలెడితే విజయనగరం చేరిపోతుంది!

ఈ నూలు సంగతి విని 1921లో గాంధీగారు తన కొడుకు దేవదాస్‌ను పొందూరు పంపించారు. 1949లో ఇక్కడ ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. 1955లో దాని భవనానికి వినోబా భావే శంకుస్థాపన చేశారు.

ఇదంతా మేం గొప్పగా చెప్పుకునే చరిత్ర. నాకు సిగ్గనిపించే ముక్క ఒకటుంది.

ఈ పంచెల చాపు మావయ్యగారి షష్టిపూర్తికి కొన్నది. అప్పటికి నేను కొత్తకోడల్ని. నా తెలివి చూపిద్దామని కొట్లో గట్టిగా బేరమాడి వంద రూపాయలు తగ్గించాను. బయటికొచ్చాక అత్తయ్య అన్నారు: "బేరమాడీసినావు గానీ, ఆ వందా ఎవులికి తగ్గుతాదో ఎరుగుదువా? వడికినోలికి."

అత్తయ్య పెళ్లికి ముందు పుట్టింట్లో రాట్నం తిప్పిన మనిషి. రోజంతా కూర్చుంటే నాలుగు చిలపలు కూడా వచ్చేవి కావట.

ఆ మాట చాలా ఏళ్లు ముల్లులా గుచ్చుకుంది. తర్వాత తెలిసింది, గాంధీగారి చరఖా సంఘంలోనూ ఇదే గొడవని. 1925లో ఆ సంఘం పెట్టాక ఊళ్లలో ఆడవాళ్లకు పని దొరికింది కానీ కూలి మరీ తక్కువ. కూలి పెంచితే ఖద్దరు ధర పెరుగుతుంది, కొనేవాళ్లు ఉండరని కొందరు భయపడ్డారు. గాంధీగారు ఊరుకోలేదు. వడికేవాళ్లు కడుపునిండా తినలేకపోతే ఆ ఖద్దరు ఎందుకన్నది ఆయన వాదన. 1935లో వాళ్లకు కనీస కూలి ఇవ్వాలని సంఘం తీర్మానించింది.

ఇప్పటికీ పొందూరు చుట్టుపక్కల రాట్నం ముందు కనిపించేది ఎక్కువగా పెద్దవయసు ఆడవాళ్లే. వాళ్ల కోడళ్లు, మనవరాళ్లు ఆ పనికి రావడం లేదు. వాళ్లను తప్పుపట్టగలమా? కళ్లు పొడుచుకుని వడికితే వచ్చే డబ్బు ఎంతో వాళ్లు చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నారు.

పత్తి నాటుదే, కరెంటు ఖర్చు లేదు, చేప దవడ కూడా పారేసే వస్తువే. అంతా మంచిదే. కానీ భూమికి హాని లేకపోతే చాలదు కదా, వడికిన మనిషికీ హాని ఉండకూడదు. అమ్మాయికి అదే చెప్పాను.

"మరి చాపులో రెండో పంచె ఏదీ?" అంది.

"అది నీకు పొత్తిగుడ్డలైంది. మీ నానమ్మే చింపింది" అన్నాను.

తిరిగి వెళ్లేలోపు దాన్ని పొందూరు తీసుకెళ్లాను. వాళ్ల నాన్నకని ఒక చాపు చూసింది. కొట్టతను ధర చెప్పగానే అలవాటుకొద్దీ నా నోరు తెరుచుకుంది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా నొక్కింది.