అందరికీ ఒకటే రజత కమలం

2023 అక్టోబరు 17, ఢిల్లీ విజ్ఞాన్ భవన్. 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల సభలో కూర్చున్నారు మీరు. వేదిక మీద రాష్ట్రపతి ద్రౌపది ముర్ము. మన ఆడియో ఫంక్షన్ల హోరు ఇక్కడ వినపడదు. పేరు చదువుతారు. మనిషి లేచి వెళ్లి, నమస్కారం పెట్టి, పతకమూ ప్రశంసాపత్రమూ అందుకుని దిగి వస్తాడు. అంతలోనే ఇంకో పేరు.

మీ చెవులు తెలుగు పేర్ల కోసం కాచుకుని ఉన్నాయి. అవి వస్తూనే ఉన్నాయి. ఉత్తమ తెలుగు చిత్రం ‘ఉప్పెన’. పాటల బాణీలకు ‘పుష్ప’ దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ‘ఆర్ఆర్ఆర్’ కీరవాణి, ‘కొండపొలం’ పాటకు చంద్రబోస్, ‘కొమురం భీముడో’ పాడిన కాలభైరవ. ఉత్తమ నటుడు అల్లు అర్జున్ అనగానే మన తెలుగువాళ్ల ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగాలి కూడా. 1967 నాటి సినిమాలతో మొదలైన ఈ అవార్డు ఎన్టీఆర్‌కు రాలేదు, ఏఎన్నార్‌కు రాలేదు, ఎస్వీఆర్‌కూ రాలేదు. ఒక తెలుగు నటుడు దాన్ని అందుకోవడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు ఆ పతకాన్ని కాస్త దగ్గరగా చూడండి. రజత కమలం. దానితోపాటు 50,000 రూపాయల నగదు. ‘ఆర్ఆర్ఆర్’లో ఫైట్లు కట్టిన కింగ్ సాల్మన్‌కూ అదే రజత కమలం, అదే 50,000. ‘నాటు నాటు’కు అడుగులు నేర్పిన ప్రేమ్ రక్షిత్‌కూ, గ్రాఫిక్స్ చేసిన శ్రీనివాస్ మోహన్‌కూ అంతే. బయట హీరో పారితోషికానికీ ఫైట్ మాస్టర్ కూలికీ పొంతనే ఉండదు. ఈ హాల్లో మాత్రం ఇద్దరి పతకమూ ఒకటే. ఈ సభ గొప్పతనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

అదే ఏడాది మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు దాన్ని అందుకున్నది బాణీ కట్టినవారు, పాట రాసినవారు. ప్రపంచం కాలు కదిపింది ప్రేమ్ రక్షిత్ వేసిన స్టెప్పులకే అయినా, డాన్సు మాస్టరుకు ఆస్కార్‌లో అవార్డే లేదు. మనదగ్గర 1990ల తొలినాళ్ల నుంచే ఉంది. ఫైట్లకు మాత్రం మనమూ ఆలస్యం చేశాం. తొలి జాతీయ అవార్డు ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ అందుకున్నది 2017లోనే.

వహీదా రెహమాన్ పేరు పిలుస్తారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. హాలంతా లేచి నిలబడుతుంది, మీరూ లేస్తారు. 85 ఏళ్ల ఆమె కళ్లలో నీళ్లు. 1955లో ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు ఆడిన అమ్మాయి ఈమే. తెలుగునాట ఆ పాట రేపిన సందడి చూసే హిందీ దర్శకుడు గురుదత్ ఆమెను బొంబాయికి పిలిపించాడు. ఈరోజు మైకు ముందు ఆమె దర్శకులను, రచయితలను తలుచుకుని అక్కడితో ఆగలేదు. మేకప్ వేసినవాళ్లను, జుట్టు దువ్వినవాళ్లను, దుస్తులు కుట్టినవాళ్లను కూడా తలుచుకుంది. ఈ అవార్డును అన్ని శాఖలవాళ్లతోనూ పంచుకుంటానంది. ఒక్కరివల్ల సినిమా కాదంది. ఇంత పెద్ద పురస్కారం చేతిలో పెట్టుకుని మేకప్‌మ్యాన్‌ను గుర్తుచేసుకోవడం, చప్పట్లు కొడుతున్న మీకు ఇంటికెళ్లాక కూడా మరపురాదు.

మేకప్‌కు, కాస్ట్యూములకు, ఫైట్లకు, ఆఖరికి డబ్బింగు గొంతుకు కూడా మన రాష్ట్ర ప్రభుత్వ నంది అవార్డులు ఉండేవి. ఢిల్లీ దాకా వెళ్లలేని పనివాడికి ఇంటిదగ్గర దొరికే గౌరవం అది. 2016 సినిమాలకు నందులు ప్రకటించాక ఏళ్ల తరబడి ఆ ఊసే లేదు. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చింది. ఏ రాష్ట్రమైనా, ఏ ప్రభుత్వమైనా, ఏ పేరుతోనైనా సరే, అవార్డులను ఏటా ఆపకుండా ఇవ్వాలి. తెర మీద కనిపించనివాళ్లను పేరుపెట్టి వేదిక మీదికి పిలవాలి.