కరువు పనికి అర్హులెవరు?

భోగాపురం మైదానంలోనైనా, ఏజెన్సీ కొండల్లోనైనా ఉపాధి హామీని మనం 'కరువు పని' అనే అంటాం. పేరు పాతదే, అర్హత వేరు. 1877 కరువులో మద్రాసు రాజధానిలో పని కావాలంటే ఇంటికి 10 మైళ్ల అవతలికి పోవాలి. అంత దూరం నడిచొచ్చినవాడికే నిజమైన ఆకలని దొరల లెక్క. నడవలేనంత ఆకలి ఆ లెక్కలోకి రాలేదు.

2005 చట్టంలో ఆ పరీక్ష లేదు. 2006లో తొలి విడతలోనే మన విజయనగరం జిల్లాకు వచ్చింది. పల్లెవాసులై, 18 ఏళ్లు నిండి, ఒళ్లొంచి పనిచేస్తామంటే చాలు. చదువు అడగరు. అటవీ హక్కు పట్టా తప్ప వేరే భూమిలేని గిరిజన కుటుంబాలకు 2014లో 100 రోజులను 150 చేశారు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని కూడా ఆ చట్టం రాసింది. మనవాళ్లు నోటిమాటతో అడిగి, తేదీ వేసిన రసీదు లేకుండా తిరిగొస్తే, ఆ 15 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి?