వద్దన్నవాణ్ణి లాక్కుపోయిన స్నేహితులు



మన పెండ్లిళ్లలో, పండగ కూటాల్లో ఒక మాట తరచు వింటున్నాం. తాగుడు మానుకున్న మనిషి "నాకు వద్దన్నా" అంటాడు. "ఈ ఒక్క రోజుకు ఏమీ కాదురా" అని పక్కవాళ్లు చేయి పట్టి లాగుతారు. పగతో కాదు, ప్రేమతోనే లాగుతారు. ఈ లాగుడు ఇప్పటిది కాదు. పదహారు వందల ఏండ్లకు ముందే రోము నగరంలో జరిగింది.

లాగబడ్డ ఆ మనిషి పేరు అలీపియస్. ఇప్పటి అల్జీరియా దేశంలో ఉన్న తగస్తే అతని ఊరు. పునీత అగస్టీన్ ఊరు కూడా అదే. అలీపియస్ వయసులో చిన్నవాడు, అగస్టీన్‌కు శిష్యుడు, తర్వాత ప్రాణస్నేహితుడు. కార్తేజ్‌లో చదివేటప్పుడు అతనికి పందేల పిచ్చి ఉండేది. ఒకరోజు అగస్టీన్ పాఠం మధ్యలో ఆ పిచ్చిని ఎగతాళి చేస్తూ ఒక పోలిక చెప్పాడు. అలీపియస్‌ను మనసులో పెట్టుకుని చెప్పింది కాదు. అయినా తనకే చెప్పాడని తీసుకుని, కోపం పెట్టుకోకుండా, అలీపియస్ పందేలు మానేశాడు.

తర్వాత న్యాయశాస్త్రం చదవడానికి రోముకు పోయాడు. అక్కడ మనుషులు కత్తులతో పొడుచుకునే గ్లాడియేటర్ ఆటలు జరిగేవి. అలీపియస్‌కు అవంటే అసహ్యం. ఒకరోజు భోజనం ముగించి వస్తున్న తోటి విద్యార్థులు దారిలో కనిపించి, ఎంత వద్దన్నా వినకుండా లాక్కుపోయారు. నా ఒంటిని లాగగలరు గానీ నా కళ్లను, మనసును లాగలేరని చెప్పి, లోపల కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంతలో ఒకడు దెబ్బ తిని పడ్డాడు. గుంపు గోలగా అరిచింది. చూసినా నాకేమీ కాదనుకుని కళ్లు తెరిచాడు. ఇక మూయలేకపోయాడు. తనూ అరిచాడు. ఆ తర్వాత తనే వేరేవాళ్లను పిలుచుకుని పోసాగాడు. పాత పిచ్చే వేరే వేషంలో తిరిగి వచ్చింది. దాన్నుంచి బయట పడడానికి చాలా కాలం పట్టింది. అగస్టీన్ తన 'కన్ఫెషన్స్' ఆరో భాగంలో ఇదంతా రాసిపెట్టాడు.

అలీపియస్ గట్టి మనసు లేనివాడా? కాదు. అదే రోములో కొలువు చేసేటప్పుడు, పలుకుబడి గల ఒక సెనేటర్ లంచం చూపాడు, బెదిరించాడు. అలీపియస్ లొంగలేదు. సర్కారు ధరకు తన కోసం పుస్తకాలు రాయించుకునే వీలు ఉండి, ఆశ పుట్టినా, అది న్యాయం కాదని మానుకున్నాడు. గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరయిన మాకు అది ఎంత కష్టమో తెలుసు. లంచం ముందు నిలబడినవాడు ఆట ముందు పడిపోయాడు. ఒక్కొక్కరి బలహీనం ఒక్కో చోట ఉంటుంది. అందుకే "నాకు ఏమీ కాలేదే, వాడికి మాత్రం ఏమవుతుంది?" అనే మాట నిలవదు.

386లో మిలాన్ నగరంలో ఒక తోటలో అగస్టీన్ మనసు మారింది. అప్పుడు ఆయన చదివింది పౌలు రోమీయులకు రాసిన పత్రిక, 13వ అధ్యాయం చివర. శరీర ఆశలకు ముందుగా చోటు చేసి పెట్టవద్దని అక్కడ ఉంది. అలీపియస్ ఆ తర్వాతి మాట చదివాడు. 14వ అధ్యాయం మొదట్లో, విశ్వాసంలో బలహీనంగా ఉన్నవాణ్ణి చేర్చుకోమని ఉంది. అది తనకే అని చెప్పాడు. 387 ఈస్టర్‌కు ఇద్దరూ బిషప్ అంబ్రోస్ చేత బాప్తిస్మం తీసుకున్నారు. అలీపియస్ పిమ్మట సొంత ఊరికే బిషప్ అయ్యాడు.

ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది మానుకున్న మనిషికి. రైల్వే గేటు పట్టాల మీద ఉండదు, పట్టాలకు ఇవతలే ఉంటుంది. గీత కూడా అట్లా ముందే గీసుకోవాలి. లోపలికి పోయి కళ్లు మూసుకుంటే చాలదు. రెండోది చుట్టూ ఉన్న మనకు. తోటివాడు తడబడేటట్లయితే మాంసం గానీ ద్రాక్షరసం గానీ ముట్టకపోవడమే మేలని పౌలు అదే అధ్యాయంలో చెబుతాడు.

కాబట్టి వచ్చే కూటంలో ఎవరైనా వద్దంటే కారణం అడగవద్దు, నవ్వవద్దు. ముందే లేచి ఇంటికి బయలుదేరితే ఆపవద్దు. వాళ్లకు నీళ్లో మజ్జిగో ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుదాం. అట్లా అయితేనే మరుసటి కూటానికి కూడా వస్తారు.