బడికి తాళం, పన్నుకు తాళం

మా మాదిగవాడ బడికి రేకుల కప్పు. వానొస్తే పలకలు నెత్తిన పెట్టుకొని నిలబడేటోళ్లం. కప్పు బాగుచేయించమని మా అయ్య పంచాయతీకి పోతే "పైసల్లేవు" అన్నరు. ఆ ఏడే ఊళ్లె సిమెంటు రోడ్డు పడ్డది. ఊరి పిల్లలకు కాన్వెంటు వ్యానొచ్చింది. మా అక్క బడి మాని పత్తిచేన్లకు పోయింది.

టీచరునయ్యాక అమెరికా నల్లవాళ్ల చరిత్ర చదివితే అందులో మా వాడే కనిపించింది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. 180 మందికి కట్టిన నల్లపిల్లల హైస్కూల్లో 450 మంది. చాలనివాళ్లకు తారుకాగితం షెడ్లు. 1951లో పదహారేళ్ల బార్బరా జాన్స్ అక్కడ సమ్మె చేయించింది. ఆ కేసు 1954 బ్రౌన్ తీర్పులో కలిసింది. వేరు బడులు చెల్లవన్నది సుప్రీంకోర్టు.

తెల్లదొరలేం చేశారు? 1959లో బడిపన్ను వేయడమే మానేశారు. సర్కారు బడులన్నిటికీ తాళాలు పడ్డాయి. తెల్లపిల్లల ప్రైవేటు బడికి మాత్రం ప్రజల సొమ్ము, పన్ను రాయితీ. నల్లపిల్లల్లో చాలామందికి నాలుగేళ్లు ఏ బడీ లేదు.

1964 మే 25న గ్రిఫిన్ కేసులో సుప్రీంకోర్టు, అవసరమైతే పన్ను వేయమని కౌంటీని కోర్టు ఆదేశించవచ్చని తేల్చింది. బడులు తెరుచుకున్నాయి. పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు.

మనకు 2009 విద్యాహక్కు చట్టముంది. కానీ హక్కు కాగితం మీదుంటే చాలదు, పద్దులో పైస ఉండాలె. అందుకే నా పిల్లలకు పాఠంతోపాటు పంచాయతీ పద్దు చదవడం నేర్పుతున్న.

మా అక్కకు నలభై దాటినయి. ఇప్పటికీ వేలిముద్రే.