నీళ్ళు మార్చిన పాపం

మా మనవడి పుట్టినరోజుకి ఎవరో గుండ్రటి గాజుగిన్నెలో రెండు బంగారు చేపల్ని బహుమతిగా ఇచ్చారు. జూబ్లీ హిల్స్‌లో మా హాలుకి కొత్త కళ వచ్చింది. ఇల్లు అద్దంలా వుంచుతానని నాకో పేరుంది లెండి. రోజూ పొద్దున్నే గిన్నె పీచుపెట్టి తోమి, పాత నీళ్ళు పారబోసి, కుళాయి నీళ్ళు పట్టేదాన్ని. నాలుగోనాటికి ఒక చేప పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఆయాసపడింది. ఆరోనాటికి వెల్లకిలా తేలింది.

"అమ్మమ్మా, దానికేం జబ్బు?" అని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే పుస్తకాలు తిరగేశాను.

బంగారు చేప పుట్టిల్లు చైనా. సుమారు వెయ్యేళ్ళ క్రితం, సుంగ్ వంశపు రాజుల కాలంలోనే, దీన్ని కొలనుల్లో ముద్దుగా పెంచుకున్నారు. తర్వాత పెద్ద పెద్ద తొట్లలోకి వచ్చింది. 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. ఆ తర్వాతే గాజుగిన్నె. పుట్టింట కొలనంత చోటు, అత్తింట చెంబెడు నీళ్ళు!

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రెండు చిన్న బంగారు చేపల్నీ, నీటిమొక్కనీ, నత్తల్నీ ఒకే తొట్టిలో వుంచి, నీళ్ళు మార్చకుండానే అవి బతుకుతాయని చూపించాడు. చేప తన మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. అది చేపకే విషం. తొట్టి గోడలకీ, గులకరాళ్ళకీ పట్టివుండే సూక్ష్మజీవులు ఆ విషాన్ని మెల్లిగా హాని తక్కువైన నైట్రేటుగా మారుస్తాయి. నేను రోజూ తోమి పారేసింది వాటినే!

ఇక కుళాయి నీళ్ళ కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదుని ముంచేసింది. సరిగ్గా రెండు రోజుల ముందు, 26న, అమెరికాలోని జెర్సీ సిటీలో తాగునీటికి నిత్యం క్లోరిన్ మందు కలపడం మొదలైంది. ఆ వరద తర్వాతే మనకు గండిపేట చెరువు కట్టారు, 1920లో పూర్తయింది. ఆ అమెరికా పద్ధతీ మెల్లిగా మన కుళాయిల్లోకి వచ్చింది. కలరా, టైఫాయిడ్‌ల నుంచి మన పిల్లల్ని కాచిన క్లోరినే చేప మొప్పల్ని కాల్చేస్తుంది.

దీనికి విరుగుడు చుక్కలమందు చేపల దుకాణాల్లో దొరుకుతుంది. అందులో సాధారణంగా వుండేది సోడియం థయోసల్ఫేట్. సినిమాలు రీళ్ళమీద తీసిన రోజుల్లో ఫిల్ము కడిగే ల్యాబుల్లో 'హైపో' అన్నది దీన్నే. తెరమీది బొమ్మని నిలబెట్టిన ఉప్పే చేప ప్రాణాన్నీ నిలబెడుతుందంటే ఫిలింనగర్ పక్కన వున్నవాళ్ళం మనం ఆశ్చర్యపోవద్దూ!

ఇతర జబ్బులూ వున్నాయి. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే పరాన్నజీవి పని. రెక్కలు, తోక చివికిపోతే చాలావరకు మురికినీటి వల్లే. ఉండలాంటి ఒళ్ళున్న రకాలు తలకిందులుగా తేలడానికి అతిమేత ఒక కారణమైతే, అందం కోసం తరతరాలుగా మనిషి వాటి ఒళ్ళు పొట్టి చెయ్యడం మరొకటి. అయినా ముందుగా పరీక్ష చెయ్యాల్సింది నీళ్ళనే.

రెండో చేపని పెద్ద తొట్టిలోకి మార్చి, నీళ్ళు వడపోసే ఫిల్టరు పెట్టించాం. వారానికోసారి పావువంతు నీళ్ళే మారుస్తున్నాం, అదీ మందు చుక్కలు వేసి. మేత చిటికెడే.

"అయితే మొదటిది నీవల్లే చచ్చిపోయిందా అమ్మమ్మా?" అన్నాడు మనవడు.

"అవున్రా" అన్నాను.

వాడు కాసేపు నా మొహంలోకి చూసి, "పోన్లే, ఇకనుంచి దీనికి నీళ్ళు నేను మారుస్తాలే" అన్నాడు.